ఓర్చుకోమనడం ధమ్మమేనా?



"ఓర్చుకోవాలమ్మా, తల్లి కావడమంటే మాటలా?" ఆపరేషన్ కాన్పు అయిన బాలింతకి ఇంట్లోనూ వార్డులోనూ అందరూ చెప్పే మాట ఇది. నలుగురిని కన్న అత్తగారైతే ఇంకో నాలుగు కలిపి చెబుతుంది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ బౌద్ధులమైన మనం ఈ మాటని ఒకసారి తరచి చూడాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరే పోరాటం, అదీ చేయాల్సిందే. ఇప్పుడు మాట్లాడేది కోత పడిపోయిన తల్లి గురించి.

వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు బాధ. పక్కకి తిరగాలన్నా, దగ్గాలన్నా, బిడ్డని రొమ్ముకి తీసుకోవాలన్నా పొట్ట మీద కుట్లు లాగేస్తాయి. నొప్పికి భయపడి మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

దీనికి చిన్న ఉపాయం ఒకటుంది. కుట్లు వేసేటప్పుడే డాక్టరు బుపివకైన్ లాంటి మొద్దుబార్చే మందుని కోత అంచుల వెంట సూదితో ఎక్కిస్తారు. పన్ను పీకేముందు చిగుళ్లకి ఇచ్చే సూది లాంటిదే. కొన్ని గంటలపాటు అక్కడి నరాలు నొప్పి కబురుని మెదడుకి మోయలేవు. అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష ఒకటి 2009లో వచ్చింది. ఇలా చేసిన తల్లులకి మార్ఫిన్ అవసరం తగ్గిందని అది చెప్పింది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మందూ అంత ఖరీదైనది కాదు. అలాగని మంత్రమూ కాదు. మోతాదు ఒంటి బరువుని బట్టి కట్టాలి, మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. వెన్నులో మత్తుతోపాటు మార్ఫిన్ కూడా ఇచ్చినచోట దీనివల్ల అదనపు లాభం తక్కువే. సూది వేశారు కదా అని నొప్పి మాత్రలు మానకూడదు.

ఇక ధమ్మం సంగతి. క్షాంతి పారమితల్లో ఒకటి కదా, ఓర్చుకోమంటే తప్పేంటి అని మీరు అడగొచ్చు. నా నొప్పికి నేను ఓర్చుకుంటే అది క్షాంతి. మందు అందుబాటులో ఉండగా ఇంకొకరిని ఓర్చుకోమంటే అది క్షాంతి ఎట్లా అవుతుంది? బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో చెప్పిన పారమితల్లో క్షాంతి పక్కనే కరుణ కూడా ఉంది. ఎదుటి మనిషి నొప్పి దగ్గర మనకి పని చెప్పేది ఆ కరుణే.

తథాగతుడు సైతం నొప్పిని గొప్ప చేసుకోలేదు. కపిలవస్తులో శాక్యుల కొత్త సభామందిరంలో బోధిస్తూ, నడుము నొప్పి పుట్టగానే మిగతాది ఆనందుడికి అప్పగించి నడుం వాల్చారు. అందులో ఆయనకి నామోషీ కనపడలేదు! రెండు బాణాల పోలిక తెచ్చేవాళ్లూ ఉంటారు. ఒంటి నొప్పి మొదటి బాణం, దాన్ని తలచుకుని మనసు పడే బాధ రెండోది. రెండోది తగిలించుకోవద్దన్నారు గానీ, మొదటిదాన్ని పీకొద్దని ఎక్కడా అనలేదు. మాలుంక్యపుత్తుడికి చెప్పిన కథలో అయితే, ఎవరు కొట్టారని ఆరా తీస్తూ కూర్చోకుండా ముందు బాణం తీయించుకోవాలనే కదా సారం.

"రాసిపెట్టి ఉంది, అనుభవించాలి" అనే మాట ఇంకా ప్రమాదం. శివకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు, అన్ని నొప్పులూ పూర్వకర్మ వల్లే వస్తాయనడం సరికాదని బుద్ధుడు తేల్చేశాడు. పైత్యం, వాతం, రుతువుల మార్పు, దెబ్బ తగలడం, ఇవన్నీ కారణాలే అన్నాడు. ఆ కర్మ లెక్క చెప్పే కదా మన ముత్తాతల్ని వెట్టికి ఓర్చుకోమన్నారు. దాన్ని వదిలి దీక్ష తీసుకున్న ఇంట్లో, బాలింత మంచం దగ్గర మళ్లీ అదే లెక్క వినపడితే ఎట్లా?

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లుని బాబాసాహెబ్ సమర్థించారు. తల్లి కష్టం ఆమె ఒక్కదాని సొంత గొడవ కాదన్నది అందులోని సంగతి.

కాబట్టి ఎనిమిదో నెల చెకప్‌కి వెళ్లినప్పుడే అడగండి: "ఆపరేషన్ అవసరమైతే తర్వాత నొప్పికి ఏమిస్తారు? కుట్ల దగ్గర మత్తు సూది వేస్తారా?" ఇంతకుముందు ఏ మత్తుమందైనా పడకపోతే అదీ చెప్పండి. అడిగే పని ఆమె ఒక్కదానికే వదలొద్దు, భర్త పక్కన ఉండాలి. కాన్పయ్యాక నొప్పి మాత్రల వేళలు కాగితం మీద రాసుకుని, నర్సుని అడిగి అందించడం కూడా అతని వంతే.