అవంతిక యాడికి పోయింది?

2017 వేసవి. 'బాహుబలి' రెండో భాగం చూసి కర్నూలు నించి ఇటిక్యాలకి తిరిగొస్తున్నాం. బస్సు తుంగభద్ర వంతెన ఎక్కగానే కిటికీ పక్కన కూర్చున్న మా అన్న కూతురు అడిగింది, "అత్తా, అవంతిక యాడికి పోయింది?"

దేశమంతా రెండేళ్ళపాటు అడిగిన ప్రశ్న వేరే. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్నది. దానికి జవాబు దొరికింది, జనం తృప్తిగా ఇళ్ళకెళ్ళారు. ఈ పదేళ్ళ పిల్ల ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. 2015లో మొదటి భాగం చూశాక అది నెల రోజులు కందికట్టె పట్టుకుని వాకిట్లో అవంతికై తిరిగింది మరి. "చివర యుద్ధంలో ఉంది కదే" అన్నాను. "అంతేనా?" అంది.

బీచుపల్లి ఆంజనేయుడి పొరుగున పెరిగినవాళ్ళం. సముద్రం దాటే వీరుడు, కొండనెత్తే వీరుడు మాకు హాలీవుడ్ నించి రానక్కర్లేదు. శివలింగాన్ని భుజానికెత్తుకుని నడిచిన శివుడు కూడా ఆ కోవలోనివాడే. ఇలాంటి అతిలోక వీరుల సినిమాకి రెండో భాగం తీస్తే అది ఎందుకు నచ్చుతుంది, ఎందుకు ఉసూరుమనిపిస్తుంది? బడ్జెట్ అంటారు, గ్రాఫిక్స్ అంటారు, విలన్‌లో బలం లేదంటారు. ఉండొచ్చు. నాకు మాత్రం ఇది బాకీకి సంబంధించిన విషయం అన్పిస్తుంది. ఎవరి తెగువ మీద, ఎవరి గాయం మీద మొదటి భాగం నడిచిందో వాళ్ళకి రెండో భాగం బాకీ పడి ఉంటుంది.

దేవసేన సంగతే చూడండి. మొదటి భాగంలో పాతికేళ్ళ సంకెళ్ళ మధ్య ఆమె ఎండుపుల్లలు ఏరుతూ ఉంటుంది, భల్లాలదేవుడి చితి కోసం. చూసేవాళ్ళకి పిచ్చిదానిలా కనిపిస్తుంది. రెండో భాగం ఆ పుల్లల్ని మర్చిపోలేదు, ఆ చితి అంటుకుంది. గుడి దగ్గర ఆడవాళ్ళ ఒంటిమీద చెయ్యేసిన సేతుపతి వేళ్ళు నరికినందుకు ఆమె గర్భిణిగా సభలో నిలబడింది, రాజమందిరం పోగొట్టుకుంది. ఆమె చేసిన పనికి ఫలితం ఉంది, కథ ఆ ఫలితం మీదే కదిలింది. (తీర్పు మాత్రం బాహుబలి కత్తే చెప్పాలనుకోండి. నరకాల్సింది వేళ్ళు కాదు తల అని ఆయన తల నరికితే హాలు దద్దరిల్లింది. నేనూ చప్పట్లు కొట్టాను. వేళ్ళు నరికిన చెయ్యి అప్పటికే మరుగున పడిందని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.)

అవంతిక కత్తి పట్టిన మనిషి. దేవసేనని విడిపించే బాధ్యత ఆమెది. శివుడు ఆమెకి తెలియకుండా చేతిమీద బొమ్మ గీస్తాడు. తర్వాత ఆమె పెనుగులాడుతుండగానే జుట్టు విప్పి, బట్టలు మార్చి, రంగులద్ది 'ఆడదాన్ని' చేస్తాడు. విమర్శకురాలు అన్నా వెట్టికాడ్ దాన్ని అత్యాచారమని రాస్తే అప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆ వాదన మనకి తెలిసిందే. ఆ తర్వాత జరిగిందాని గురించే నా బాధ. దేహంతో పాటు ఆమె పనిని కూడా అతను తీసేసుకున్నాడు. దేవసేనని విడిపించింది అతనే. పని పోయిన మనిషికి రెండో భాగంలో ఏం మిగుల్తుంది? ఎక్కువ భాగం ఫ్లాష్‌బ్యాక్ కాబట్టి ఆమె లేదని సర్దిచెప్తారు. ఫ్లాష్‌బ్యాక్ ముగిశాకైనా గుంపులో ఒకతిగా కత్తి తిప్పడం తప్ప ఆమెకి దక్కిందేమీ లేదు.

దర్శకత్వం స్త్రీ చేస్తే ఇలా జరగదని అనుకోలేం. ప్యాటీ జెంకిన్స్ 2017లో తీసిన 'వండర్ వుమన్'కి నేను సంబరపడ్డాను. 2020లో ఆమే తీసిన రెండో భాగంలో, దాదాపు డెబ్బై ఏళ్ళ కిందట చనిపోయిన ప్రియుడు కోరికలు తీర్చే రాయి మహిమతో ఎవరో మనిషి శరీరంలోకి తిరిగొస్తాడు. ఆ శరీరం అసలు సొంతదారు ఒప్పుకున్నాడా లేదా అన్నది డయానాకి తోచనే తోచదు. అంతటి వీరవనితకి ఇన్నేళ్ళలో వేరే కోరికే పుట్టలేదా అని కూడా అన్పించింది.

ఆ మాటకొస్తే ఉత్తరకాండ కూడా రెండో భాగమే. అగ్నిలో దూకి బయటికొచ్చిన సీతకి ఆ అగ్ని లెక్కలోకే రాలేదు, అడవికి పోవాల్సి వచ్చింది. ఓల్గా 'విముక్త'లో ఆ సీతని మళ్ళీ శూర్పణఖతో కలిపింది.

ఇంతా మాట్లాడే హక్కు నాకుందా అని ఇటీవల సందేహం వచ్చింది.

2012లో మా వదిన గురించి ఒక కథ రాశాను. మా వైపు సీడ్ పత్తి ఎక్కువ. సాయంత్రం ఆడచెట్ల మొగ్గల్లో కేసరాలు తీసెయ్యాలి, పొద్దున్నే మగచెట్ల పుప్పొడిని ఒక్కో పూవుకీ అద్దాలి. క్రాసింగ్ అంటారు. ఆ పనికి ఆడపిల్లల వేళ్ళు కావాలి. ఎంతమంది బడి ఆ చేలల్లో పోయిందో! ఆ ఏడు విత్తనాల ఆర్గనైజర్ నెలల తరబడి డబ్బులివ్వకుండా తిప్పుకుంటుంటే, మా వదిన నడిఊళ్ళో అతని బండి తాళం లాక్కుని రవికలో దోపుకుంది. డబ్బులొచ్చాయి. కథకి పేరొచ్చింది. 2016లో ఇంకో కథ రాశాను. అదే ఇల్లు, అదే చేను. మా అన్న అప్పులు, నిద్రపట్టని రాత్రులు. దాన్ని ఇంకా ఎక్కువ మెచ్చుకున్నారు.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు ఆ రెండూ వరసగా చదివింది. బస్సులో అడిగిన గొంతుతోనే అడిగింది, "అత్తా, రెండోదాంట్ల మా అమ్మ యాడికి పోయింది?"

వెతికాను. రెండు చోట్ల ఉంది. ఒకచోట చాయ్ ఇస్తుంది. ఇంకోచోట కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది.

సిగ్గుపడుతూనే వదిన దగ్గరికెళ్ళి అడిగాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెప్పింది. తాళం లాక్కున్న మరుసటి ఏడు ఆ ఆర్గనైజర్ వీళ్ళకి విత్తనం ఇవ్వలేదు. ఇంకొకర్ని ఇవ్వనివ్వలేదు కూడా. చేలో మిరప వేసి మునిగింది అప్పుడే, అప్పు మొదలైంది అప్పుడే. ఆ నాలుగేళ్ళూ మా అన్న ఆమెతో సరిగ్గా మాట్లాడలేదట. నా రెండో కథ మొత్తం ఆ తాళంలోంచే పుట్టింది. రాసిన నాకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆమెని ఎప్పుడూ అడగలేదు. అన్నని అడిగాను, చాలాసార్లు అడిగాను.

"ఇంత జరుగుతుందని తెలిస్తే ఆ పని చేసేదానివా వదినా?"

"ఇంకిన్ని దినాలు ఇయ్యకుండ ఉంటే మిత్తి గూడ అడుగుతుంటి" అంది. నవ్వుతోందో లేదో తల వంచుకుని ఉండటంతో కనిపించలేదు.

మళ్ళీ రాస్తానన్నాను. చిక్కుడుకాయల చాట నా వైపు జరిపి, "రాస్తే రాయి గానీ, ఈసారి అచ్చుకియ్యకముందు నాకు సదివి ఇనిపియ్యి" అంది.