శకటము క్రింది శిశువు

శ్రీమద్భాగవత దశమస్కంధమునందలి శకటభంజన కథ భక్తులకు చిరపరిచితము. బాలకృష్ణుడు బోర్లపడిన వేడుకనాడు నందుని యిల్లు బంధుజనముతో నిండియుండెను. యశోద శిశువునకు మంగళస్నానము చేయించి, నిద్రకు తూగుచున్న వానిని బండి క్రింద పరుండబెట్టి, వచ్చినవారి మర్యాదలలో మునిగెను. శిశువు మేల్కాంచి పాలకై యేడ్చెను. ఆ యేడుపు తల్లి చెవిని పడలేదు. అంతట లేతపాదము తాకి బండి తలక్రిందులయ్యెను. పెద్దలు పరుగున వచ్చి కారణము తెలియక విస్తుపోయిరి. ఏడ్చుచున్న పాపడే కాలితో తన్నెనని అచ్చట ఆడుకొనుచున్న పిల్లలు చెప్పిరి. అవి పిల్లల మాటలని పెద్దలు నమ్మలేదు.

ఈ కథయందు భగవల్లీలను స్మరించుట పరిపాటి. కాని యేడుపు వినబడకపోవుట, పిల్లల మాట చెల్లకపోవుట అను రెండు సంగతులును అందే కలవు. యశోద వంటి తల్లికే పనుల సందడిలో ఏమరుపాటు కలిగినది. ఇక పగలనక రాత్రియనక రోగులు వచ్చిపోవు ఆసుపత్రిలో, ఒక మంచముపై నున్న పసివాని యేడుపు ఎవరి చెవిని పడవలెను?

ఏడుపు మానిన శిశువు ఊరట చెందినట్లేయని చాలమంది తలంతురు. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అను పరిశీలకుడు ఈ తలంపు తప్పని చూపెను. తల్లిదండ్రులు బిడ్డను చూచుటకు ఆసుపత్రులు కొద్దిపాటి సమయమే ఇచ్చుచుండిన కాలమది. రెండున్నరయేండ్లు నిండని యొక బాలిక ఆసుపత్రిలో గడపిన దినములను ఆయన చలనచిత్రముగా తీసి 1952లో ప్రదర్శించెను. తల్లికి దూరమైన బిడ్డ మొదట గోలచేయును. పిదప ఆశ వదలుకొనును. తుదకు తల్లి వచ్చినను ముఖము త్రిప్పుకొనును. ఆ మౌనమునే వార్డువారు సర్దుకొనుటయని భావించుచుండిరి. 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, బిడ్డను ఏ వేళనైనను చూడనీయవలెననియు, చంటిపిల్లల తల్లులను వారితోనే యుండనీయవలెననియు చెప్పెను. మన పల్లెతల్లికి ఇది యొకరు చెప్పవలసిన మాట కాదు. బిడ్డను ఆసుపత్రిలో చేర్చిన నాడు ఆమె చాపయు చెంబును వెంటదెచ్చుకొనియే వచ్చును.

పిల్లల మాట చెల్లించుటయు సేవయే. మూడేండ్లు దాటిన బిడ్డకు నవ్వుముఖము మొదలు ఏడ్పుముఖము వరకు ఆరు బొమ్మలున్న పటము చూపి, నొప్పి యెంతయున్నదో వ్రేలితో చూపుమని నర్సులు అడుగుదురు. బిడ్డ ఏ ముఖమును చూపిన ఆ ముఖమునే నమ్మవలెను. సూది గ్రుచ్చబోవుచు నొప్పియుండదని బొంకుట మన యిండ్లలోను కలదు. ఒకసారి మోసపోయిన పసివాడు మరునాడు తెల్లని దుస్తులు కనబడినంతనే కెవ్వుమనును. కొంచెము నొప్పిపుట్టును, అమ్మ ఒడిలోనే కూర్చుందువు, త్వరగా అయిపోవును అని చెప్పి అట్లే చేసిన, వాడు ఏడ్చినను నమ్మకము కోల్పోడు.

పూతన మరణానంతరము గోపికలు చేసిన పనిని చూడుడు. వారు శిశువుచుట్టు గోవుతోకను త్రిప్పిరి. అవయవమవయవమునకు భగవన్నామముతో రక్ష పెట్టిరి. ఆ పిమ్మట తల్లి పాలిచ్చి పరుండబెట్టెను. గోవుతోకకు వార్డులో చోటులేదు. చేతులు కడుగుకొనుటయే అచ్చటి తొలి రక్ష. కాని అవయవమవయవమును తడిమి చూచుట, ప్రక్క మార్చుట, వాంతిని తుడుచుట, సెలైన్ సూదియున్న చేయి వాచెనేమోయని గమనించుట నర్సుల నిత్యకృత్యము. వత్సమనగా దూడ. పుట్టిన దూడ ఒంటి మాలిన్యమును గోవు నాలుకతో నాకి తొలగించుటయే వాత్సల్యమునకు దృష్టాంతముగా శ్రీవైష్ణవాచార్యులు చెప్పుదురు. సూది వేయునపుడు చంటిబిడ్డకు తల్లి పాలిచ్చుచుండిన నొప్పి తగ్గునని నేటి వైద్యశాస్త్రము కూడ చెప్పుచున్నది. కనుక తల్లిని ప్రక్కకు తొలగించుట కంటె ఆమెకొక పని యప్పగించుట మేలు.

పరామర్శకు వచ్చి, పూర్వజన్మకర్మమనియు, దేవునిపై నమ్మకముంచి కన్నీరు మానుమనియు హితవు చెప్పువారు కలరు. అట్టివారు పండ్లిచ్చి మౌనముగా వెడలిన చాలును. గరుడారూఢుడై ప్రత్యక్షమైన శ్రీమన్నారాయణుని చూచి పెరియాళ్వారు భయపడెను. సర్వలోకరక్షకునకు ఎవరి దృష్టి తగులునోయని తల్లడిల్లి తిరుప్పల్లాండు పాడెను. వైష్ణవాలయములలో నేటికిని అనుసంధింపబడునది ఆ భయమునుండి పుట్టిన మంగళాశాసనమే. దానిని అవిశ్వాసమని యెవరును అనరు. బిడ్డ ప్రక్కన వణకుచున్న తల్లి భయమునకు మాత్రము వేరు పేరు పెట్టనేల?

తిరుపతిలో 2021లో ప్రారంభమైన శ్రీ పద్మావతీ చిన్నపిల్లల హృదయాలయమున పసిపిల్లలకు గుండె శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. అట్టి చోట్ల తలుపు వెలుపలి బల్లలపై కూర్చున్నవారికి కూడ సేవ కావలెను. తండ్రి మందుల చీటీతో తిరుగుచుండును. ఇంటివద్ద వదలివచ్చిన పెద్దబిడ్డ తిన్నదో లేదోయని తల్లికి మరియొక దిగులు. ఈ గొట్టము ఊపిరి కొరకు, ఆ మ్రోత గుండె లెక్క కొరకు అని ముందుగా చెప్పినచో, లోపలికి పోయినపుడు ఆమె బిడ్డను చూచి బెదరదు. గంటకొకసారి యెవరైనను వచ్చి ఉన్నమాట చెప్పినచో, ఆ గంట గడచును. సిస్టరు తలుపు తెరచి, "రండమ్మా, చేయి పట్టుకొనవచ్చును" అని పిలుచు వరకు ఆమె కన్నులు ఆ తలుపుమీదనే యుండును.