తొమ్మిదేళ్లవాడికి ఊరి లీగే చాలమ్మా



ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే బేస్‌బాల్ ట్రావెల్ టీమ్ ట్రయౌట్‌లో మనవడికి చోటు వచ్చిందనీ, ఈ వారంలో డిపాజిట్ కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారనీ, ఏం చేయమంటావు పెద్దనాన్నా అనీ అడిగావు. వాడికి చోటు రావడం నాకూ సంతోషమే. అయినా నా మాట వింటానంటే, ఈ ఏడు వద్దమ్మా. ఊరి లిటిల్ లీగ్‌లోనే ఆడనివ్వు. ఎందుకంటున్నానో చెబుతాను. నువ్వూ అల్లుడుగారూ కలిసి ఆలోచించుకోండి.

ముందు నీ భయం సంగతి. వాడి స్నేహితులు నలుగురు ట్రావెల్‌లో చేరిపోయారు, మనవాడు వెనకబడతాడేమో అన్నావు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఆరో తరగతి పిల్లల్ని ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేది ఈ భయంతోనే. పక్కింటివాళ్లు వేశారు కాబట్టి మనమూ వేస్తాం. అక్కడ కనీసం చివర ఒక పరీక్షా, ఒక ర్యాంకూ ఉన్నాయి. న్యూజెర్సీలో తొమ్మిదేళ్లవాడి బేస్‌బాల్‌కు ఏ పరీక్షా లేదు. హైస్కూల్లో ఈ ఆట ఆడే పిల్లల్లో ఎన్‌సీఏఏ కాలేజీ జట్లదాకా వెళ్లేది నూటికి ఏడెనిమిది మంది. అందులో పై స్థాయి అయిన డివిజన్ వన్‌కు చేరేది ఇద్దరు ముగ్గురు. వాళ్లలోనూ చాలామందికి స్కాలర్‌షిప్‌గా వచ్చేది ఫీజులో కొంత భాగమే. కాబట్టి స్కాలర్‌షిప్ లెక్క ఇప్పుడే వేయకు.

ఇంకో సంగతి. ఇప్పుడు వాడు ఆడే మైదానంలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. పిచ్చర్ 46 అడుగుల నుంచి విసురుతాడు. పన్నెండు దాటాక పెద్ద మైదానానికి వెళితే అవి 90 అడుగులూ, 60 అడుగుల 6 అంగుళాలూ అవుతాయి. తొమ్మిదేళ్లకే ఒడ్డూ పొడుగూ ఉండి అందరినీ మించినవాడు అక్కడికి వెళ్లేసరికి మామూలు ఆటగాడైపోవచ్చు. ఇవాళ సన్నగా పీలగా ఉన్నవాడు పద్నాలుగేళ్లకు ఒక్కసారిగా ఎదిగి ముందుకు రావచ్చు. ఈ వయసులో ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చి చెప్పగలిగిన కోచ్ లేడు.

ఊరి లీగ్ అంటే నాసిరకం ఆట అనుకోకు. కార్ల్ స్టాట్జ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో లిటిల్ లీగ్ మొదలుపెట్టింది ఊళ్లో పిల్లలందరికీ ఆడే వీలు కల్పించడానికే. 1998లో మన న్యూజెర్సీ నుంచే టామ్స్ రివర్ పిల్లలు జపాన్ జట్టును 12-9తో ఓడించి లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ జట్టులోని టాడ్ ఫ్రేజియర్ పెద్దయ్యాక మేజర్ లీగ్‌లో యాంకీస్‌కూ మెట్స్‌కూ ఆడాడు.

లిటిల్ లీగ్‌లో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది. సీజన్ మ్యాచ్‌లలో జట్టులోని ప్రతి పిల్లవాడూ కనీసం ఒకసారి బ్యాటింగ్ చేయాలి, ఆరు ఔట్లు పడేదాకా ఫీల్డింగ్‌లో ఉండాలి. కోచ్‌కు ఇష్టమున్నా లేకపోయినా ఆడించి తీరాలి. ట్రావెల్ టీమ్‌లో చాలాచోట్ల ఈ హామీ ఉండదు. డబ్బు కట్టేది జట్టులో చోటుకు. ఆడించాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం.

మొన్న వేసవిలో ఒక ట్రావెల్ టోర్నమెంట్‌కు వెళ్లాను. మధ్యాహ్నానికి రెండు మ్యాచ్‌లయ్యాయి. పిల్లలందరికీ మోకాళ్లదాకా ఎర్రమట్టి. ఒక్కడి తెల్ల ప్యాంటు మాత్రం ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. పొద్దుటి నుంచీ డగౌట్ కంచె పట్టుకుని నిలబడి, మిగతావాళ్ల పేర్లు అరుస్తూ ఉన్నాడు పాపం. వాళ్లమ్మ తెల్లవారుజామున లేచి, డబ్బాలో పులిహోర పెట్టుకుని, గంటన్నర కారు నడిపి తీసుకొచ్చింది. ఆ పిల్లవాడు ఆట నేర్చుకోవడం లేదమ్మా, చూస్తున్నాడు. ఈ వయసులో ఆట వచ్చేది ఆడితేనే. ఏ జట్టయినా సరే, మ్యాచ్ అయ్యాక వాడి ప్యాంటు చూడు. మట్టి ఉంటే మంచి జట్టు.

అన్నిటికంటే నాకు దిగులు వాడి మోచేయి గురించి. ఎదిగే పిల్లల మోచేతి ఎముక చివర మృదులాస్థి ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. అతిగా విసిరితే ముందు దెబ్బతినేదీ అదే. అందుకే లిటిల్ లీగ్‌లో 9, 10 ఏళ్లవాళ్లు రోజుకు 75 పిచ్‌లకు మించి వేయకూడదు. 66 గాని ఆపైన గాని వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. టోర్నమెంట్లలో శని ఆదివారాల్లోనే నాలుగైదు మ్యాచ్‌లుంటాయి. కప్పు చేతికందేలా ఉన్నప్పుడు బాగా విసిరేవాడినే మళ్లీ మళ్లీ పంపాలనిపిస్తుంది. రెండు జట్లకూ ఆడితే మరీ ప్రమాదం. మంగళవారం ఊరి కోచ్ లెక్క ఊరి కోచ్ దగ్గర, శనివారం ట్రావెల్ కోచ్ లెక్క ఆయన దగ్గర ఉంటాయి. రెండూ కలిపి చూసేవాళ్లెవరూ ఉండరు. ఎప్పుడైనా అలా ఆడాల్సి వస్తే ఆ లెక్క నువ్వే రాసిపెట్టుకో.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి చేసిన పిచ్ స్మార్ట్ సూచనలు కూడా ఇదే చెబుతాయి. ఈ వయసు పిల్లలు ఏడాదిలో కనీసం నాలుగు నెలలు బంతి విసరడం మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా మానాలి. మరి ట్రావెల్ జట్లేమో మంచు పడితే ఇండోర్‌లో ప్రాక్టీస్ పెడతాయి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచ్చర్ టామీ జాన్ మోచేతికి మొదటిసారి చేసిన లిగమెంట్ ఆపరేషన్ ఇప్పుడు హైస్కూల్ పిల్లలకూ చేస్తున్నారు. ఆ ఆపరేషన్ తరవాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన మొదటి పిచ్చర్ జాన్ స్మోల్ట్జ్, 2015లో ఆ గౌరవం అందుకుంటూ, ఇది ఏడాది పొడుగునా ఆడే ఆట కాదని తల్లిదండ్రులకు వేదిక మీద నుంచే చెప్పాడు. తల్లి వైపు మన దేశపు మూలాలున్న కుమార్ రాకర్ 2024లో టెక్సస్ రేంజర్స్‌కు పిచింగ్ చేస్తే మురిసిపోయాం కదా! అంతకు ముందు ఏడాదే అతనికీ ఆ ఆపరేషన్ జరిగింది. పెద్దవాళ్ల చేతులే తట్టుకోలేని ఆట ఇది.

మీ ఇంటి సంగతీ చూసుకోవాలి. వేల డాలర్ల ఫీజు, హోటళ్లు, పెట్రోలు ఒక ఎత్తు. పాప కూచిపూడి క్లాసూ ఆదివారం తెలుగు బడీ అన్నయ్య టోర్నమెంట్ల కింద నలిగిపోవడం ఇంకో ఎత్తు. పైగా మీరు ఆ ఊరికి కొత్త. లీగ్‌లో వాడితో ఆడేది వాడి బళ్లో పిల్లలే. హాట్‌డాగ్‌లు అమ్మే స్టాండ్‌లో రెండు శనివారాలు నిలబడితే నీకు సగం ఊరు పరిచయమవుతుంది. అల్లుడుగారు క్రికెట్ ఆడినవారు. దూరం నుంచి గురిచూసి విసరడం, క్యాచ్ పట్టడం ఆయనకు కొత్త కాదు. వాలంటీర్లకు లీగ్ ఏటా చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు ఒప్పుకుని, సాయం కోచ్‌గా చేరమను. రోజూ సాయంత్రం ఇంటి వెనక పావుగంట వాడితో క్యాచ్ ఆడమను. దాన్ని మించిన కోచింగ్ ఈ వయసుకు లేదు.

ఊరి లీగ్‌లో లోపాలు లేవనను. కోచ్‌కు ఆట అంతంత మాత్రం తెలిసి ఉండొచ్చు. పిచ్చర్లు గురి తప్పి, వాక్‌ల మీద వాక్‌లు ఇచ్చే రోజులుంటాయి. మనవాడికి అది చాలక ఇంకా ఆడాలనిపిస్తే జూన్‌లో ఆల్‌స్టార్స్ జట్టు ఉంది, సెప్టెంబర్‌లో ఫాల్ బాల్ ఉంది. చలికాలం మాత్రం బాస్కెట్‌బాలో ఈతో నేర్పించు. ఒకే ఆటకు కట్టుబడిపోవడం పదిహేనేళ్లు వచ్చేదాకా ఆపమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమూ చెబుతోంది.

ట్రావెల్ అసలు వద్దనడం లేదు. పన్నెండు దాటాక, నువ్వు గుర్తు చేయకుండానే వాడు గ్లవ్ తీసుకుని బయటికి పరిగెత్తుతుంటే, ఊరి ఆట నిజంగా చాలడం లేదనిపిస్తే, అప్పుడు పంపు. పంపేముందు కోచ్‌ను నిలేసి అడుగు. జట్టులో ఎంతమంది? మావాడు మ్యాచ్‌కు ఎన్ని ఇన్నింగ్స్ ఆడతాడు? పిచ్‌లు ఎవరు లెక్కపెడతారు? చలికాలం చేతికి విశ్రాంతి ఎన్నాళ్లు? సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టొద్దు. బ్యాట్ కూడా చూసి కొను. లిటిల్ లీగ్‌లో చెల్లేది యూఎస్ఏ ముద్ర ఉన్న బ్యాట్. ట్రావెల్ పిల్లలు ఎక్కువగా వాడే యూఎస్ఎస్ఎస్ఏ ముద్ర బ్యాట్ అక్కడ పనికిరాదు.

ఇప్పుడు చోటిచ్చిన ట్రావెల్ కోచ్‌కు ఫోన్ చేసి, థాంక్స్ చెప్పి, ఈ ఏడాదికి కుదరదని మర్యాదగా చెప్పేయి. ఊరి లీగ్‌లో వాడి పేరు రాయించు. మ్యాచ్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు కార్లో తప్పులు ఎంచకండి, ఆకలేస్తోందా అని అడగండి చాలు. పన్నెండేళ్లకు కూడా వాడికి ఈ ఆటంటే ఇంతే ఇష్టం మిగిలి ఉంటే మీరు గెలిచినట్టే.