చూడని జంతువు, నేర్చిన మాట

చిన్నపిల్లలకు మాట నేర్పేటప్పుడు పెద్దలు సాధారణంగా వస్తువును చూపించి పేరు చెబుతారు. డైనోసార్ విషయంలో చూపించడానికి వస్తువే లేదు. బొమ్మ ఉంది, కథ ఉంది, పెద్దల మాట ఉంది. రాక్షసుడికీ ఈ మూడూ ఉన్నాయి. బకాసురుడు కథలోవాడు, డైనోసార్ నిజంగా బతికింది అని ఐదేళ్ల పిల్ల ఏ ఆధారంతో తేల్చుకోవాలి? ఇది మన ప్రమాణశాస్త్రానికి కొత్త ప్రశ్నేమీ కాదు. జ్ఞానం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు దారుల్లో వస్తుందని న్యాయదర్శనం చెబుతుంది. డైనోసార్‌కు మొదటి దారి మూసుకుపోయింది.

తెలుగులో వాడుకైన ‘రాక్షసబల్లి’ ఉపమానంతో పుట్టిన పేరు. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలతో పెట్టిన పేరుకూ ఇంచుమించు ఇదే అర్థం. ఉపమానానికి నైయాయికులు చెప్పే ఉదాహరణ గవయం. అది ఆవులాగా ఉంటుందని అడవి మనిషి చెప్పగా విన్న పట్నవాసి, తర్వాత అడవిలో ఆ జంతువు ఎదురైనప్పుడు ఆ పేరు దీనిదేనని గుర్తుపడతాడు. ఎదురుపడడం జరగకపోతే ఉపమానం పూర్తికాదు. డైనోసార్ ఎదురయ్యే అడవి ఎక్కడా లేదు. పైగా పోలికే తప్పింది. బల్లి డైనోసార్లకు దూరపు చుట్టం. వాటి వారసులుగా నేడు మిగిలినవి పక్షులు. బస్తర్ దక్షిణ కొసన, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో ఉన్న కిష్టారం లాంటి ఊళ్లో పాఠం చెప్పేవారు గోడ మీది బల్లిని వదిలి, పెరట్లోని కోడి కాలితో మొదలుపెట్టడం మేలు.

మిగిలింది శబ్దం, అనుమానం. శబ్దమంటే ఆప్తుడి మాట. పాఠ్యపుస్తకం చెప్పింది కాబట్టి నిజమని నమ్మే పిల్ల, తాత చెప్పాడు కాబట్టి రాక్షసుడినీ నమ్ముతుంది. అందులో పిల్ల తప్పు లేదు, ఇద్దరూ ఆప్తులే. తేడా అనుమానంలో ఉంది. కార్యాన్ని చూసి కారణాన్ని తెలుసుకోవడాన్ని ‘శేషవత్’ అంటారు. నది నిండుగా, వడిగా పారుతుంటే ఎగువన వాన పడిందని తెలుస్తుందని న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం. ఆ సూత్రాలే దీనికి ఆక్షేపణ కూడా లేవనెత్తాయి: దిగువన అడ్డు పడినా నది పొంగుతుంది కదా! కోంటా వాళ్లకు ఈ ఆక్షేపణ పుస్తకంలో చదవవలసిన పని లేదు. గోదావరి ఉధృతంగా ఉన్నప్పుడు శబరి నది నీరు కిందికి పోలేక వెనక్కి ఎగదన్ని ఊళ్లోకి వస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడూ కోంటా మునిగింది. భాష్యకారుడి సమాధానం సూటిగా ఉంటుంది: వాన వల్ల వచ్చిన వరదకు వడి ఉంటుంది, నురగ ఉంటుంది, ఆకులూ కాయలూ కట్టెలూ కొట్టుకొస్తాయి. ఒక్క గుర్తు చాలదు, గుర్తులన్నీ కలవాలి.

శిలాజ విద్య పనితీరు ఇదే. కిష్టారం చుట్టూ డైనోసార్ ఎముక దొరకదు. బస్తర్ శిలలు చాలావరకు జంతువులు పుట్టకముందువి. వాయవ్యాన సిరొంచ ప్రాంతంలో, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో మాత్రం కథ వేరు. అక్కడి పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో కోల్‌కతా భారతీయ గణాంక సంస్థవారు సుమారు 300 ఎముకలు తవ్వితీశారు. కనీసం ఆరు జంతువులవి. 1975లో బరపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. తవ్వకాల తొలినాళ్లు రవీంద్రుడి శతజయంతి రోజులు మరి. ఎముకల మధ్య పెద్ద పెద్ద చెట్ల మానులు దొరికాయి. మంద వరదలో చిక్కుకుందని పరిశోధకులు ఊహించారు. వాత్స్యాయనుడు లెక్కపెట్టిన కట్టెలు ఇక్కడా సాక్ష్యానికి వచ్చాయి. ఆదిలాబాద్ వైపు యామనపల్లిలో దొరికిన మరో డైనోసార్‌కు 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఈ రెండింటికీ పళ్లు దొరికాయి గాని పూర్తి పుర్రె దొరకలేదు. కాబట్టి ప్రదర్శనశాలలోని తలకాయ ఊహతో చేసినది. ఏది దొరికింది, ఏది ఊహించి చేర్చారు అని పిల్లలకు విడదీసి చెప్పడం పేరు నేర్పడం కన్నా ముఖ్యం.

మతం దగ్గరికి వస్తే, తెలుగు ఇళ్లలో శిలాజం దేవుడి మందసంలోనే ఉంది. నేపాల్‌లో గండకీ నది తెచ్చే సాలగ్రామాలలో చాలావరకు అమ్మోనైట్లు. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికిన ప్రాణుల గవ్వలు. భక్తులు చక్రమనేది ఆ గవ్వ చుట్టలనే. ఈ సంగతి చెబితే పూజకు భంగమని కొందరు భయపడతారు. భయానికి కారణం లేదు. రాయి ఎలా పుట్టిందన్నది అనుమానంతో తేలేది. దానిలో ఎవరిని ఆరాధించాలన్నది ఆగమం, సంప్రదాయం చెప్పేది. ప్రమాణాలు వేరు, విషయాలు వేరు.

చిక్కు ఈ రెంటినీ కలిపేసినప్పుడు వస్తుంది. బ్రహ్మకు పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు కాబట్టి పురాణాలకు ముందే తెలుసని చెప్పడం ఒక అలవాటైంది. మొదటి అంకె యుగాల గుణకారంతో వచ్చింది, రెండోది రాళ్లలోని రేడియోధార్మిక పదార్థాల క్షయాన్ని కొలవగా వచ్చింది. అంకెలు దగ్గరపడినంత మాత్రాన ప్రమాణం ఒకటైపోదు. క్రైస్తవ ప్రపంచంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. దేవుడు లోకాన్ని గతం ఉన్నట్టుగానే, శిలాజాలతో సహా సృష్టించాడని 1857లో ఇంగ్లండ్‌లో ఫిలిప్ హెన్రీ గాస్ వాదించాడు. ఆ వాదాన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే దాన్ని పరీక్షించే గుర్తు ఒక్కటీ లేదు. శబరికి అడ్డుపడింది గోదావరేనా అన్నది మాత్రం ఎవరైనా వెళ్లి చూడవచ్చు.

ఇక ఈ పాఠం ఏ భాషలో చెప్పాలన్నది మిగిలింది. కిష్టారం ప్రాంతంలో దోర్ల కోయ ఆదివాసులు ఎక్కువ. ఇంట్లో మాట కోయ, బడిలో హిందీ, సరిహద్దు దాటితే తెలుగు. గోదావరి లోయలో ఎముకలు దాచిన శిలలను భూగర్భశాస్త్రం గోండ్వానా శిలలంటుంది. ఆ పేరు గోండుల సీమ నుంచి తీసుకున్నది, కోయలు గోండుల దగ్గరి బంధువులు. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం అంటుంది. ఏరు పొంగితే ఎగువన వాన పడిందా, దిగువన అడ్డు పడిందా అని కోయలో అడగవచ్చు. శిలాజం పాఠానికి ఆ ప్రశ్న ముందు రావాలి, డైనోసార్ పేరు తర్వాత వచ్చినా నష్టం లేదు.