కరస్థలమున పచ్చిమట్టి





వీరశైవ ధర్మమున చేతికి గొప్ప స్థానము కలదు. భక్తుడు ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజించును. ఆ అరచేతికే కరస్థలమని పేరు. దీక్షాకాలమున గురువు శిష్యుని శిరస్సుపై తన హస్తము నుంచును. దానిని హస్తమస్తక సంయోగమందురు. కాయకము చేయునదియు చేయియే, దాసోహమున వడ్డించునదియు చేయియే. ఇట్టి చేయి దేనిని ఎట్లు పట్టుకొనవలెనో తెలిసికొనుట చిన్న విషయము కాదు. ఈ సంగతిని బోధించుటకు మెత్తని మట్టిని మించిన గురువు లేడు.

నేడు పట్టణములలోని అనేక గృహములలో ఆడపిల్లలు పాలిమర్ క్లే అను ముద్దతో కమ్మలు, లోలకులు, చిన్నచిన్న బొమ్మలు చేయుచున్నారు. పేరునకు మట్టియే గాని అది నేల త్రవ్వి తెచ్చినది కాదు. పి.వి.సి. అను ప్లాస్టిక్కు పొడిని, దానిని మెత్తగా నుంచు ద్రవ్యముతో కలిపి చేసినది. 1930ల చివర జర్మనీ దేశమున బొమ్మల పనికై ఇట్టి ముద్ద పుట్టెను. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ దానిని కొని ఫిమో అను పేర లోకమునకు అందించెను. ఈ ముద్ద గాలికి ఆరదు. ఓవెనులో సుమారు 110 మొదలు 135 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, పొట్లముపై వ్రాసిన మేరకు కాల్చిననే గట్టిపడును. అంతవరకు మెత్తగనే యుండి, తాకిన ప్రతి వ్రేలి గుర్తును తనపై నిలుపుకొనును.

కనుక ఈ పనిలో ఆరితేరినవారు కొన్ని నియమములు పాటింతురు. వస్తువును నున్నని పింగాణీ పలకపై తయారు చేసి, ఆ పలకతోనే ఓవెనులో పెట్టుదురు. నడుమ ఎత్తనే ఎత్తరు. ఎత్తక తప్పనిచో పలుచని బ్లేడును అడుగున జొనిపి మెల్లగా విడదీయుదురు. చేతి వేడికి ముద్ద మరీ మెత్తబడినచో, ఇంకను పిసుకక, కొంతసేపు ఫ్రిజ్‌లో నుంచి చల్లబరతురు. రంధ్రము చేయునపుడు సూదిని ఒక్క పోటున దింపరు. త్రిప్పుచు త్రిప్పుచు రెండు వైపులనుండి చేయుదురు. వంపు గల వస్తువునకు ఆ వంపునకు తగిన ఆధారము నిచ్చి కాల్చుదురు. కాలిన పిమ్మటను వెంటనే ముట్టుకొనరు. వేడిగా నున్నంతసేపు అది ఇంకను వంగును, చల్లారిన తరువాతనే దాని బలము దానికి వచ్చును. మితి మించి వేడి చేసినచో హానికరమగు పొగ వెలువడును గావున కిటికీలు తెరచి, వేడిమిని కనిపెట్టి యుందురు.

ధర్మపత్రికలో ఆటబొమ్మల ముచ్చట యేలయని ఎవరైన శంకింపవచ్చును. బసవేశ్వరుని కాలమున కల్యాణమునకు చేరిన శరణులలో చెప్పులు కుట్టువారు, పడవ నడపువారు, బట్టలు ఉతుకువారు, కట్టెలు కొట్టువారు ఉండిరి. వారు తమ పనిని విడిచి తత్త్వమును వెదకలేదు. తమ పనిలోనే కనుగొనిరి. కాయకము కైలాసమన్న మాటకు అర్థమిదియే. శ్రద్ధతో చేసిన ఏ పనియు ధర్మబోధకు తక్కువ కాదు.

ఆ శరణ పరంపరలోనివాడే కుమ్మర గుండయ్య. ఆయనది భాల్కి యని సంప్రదాయము. అది నేడు కర్ణాటకమందలి బీదరు జిల్లాలోనిది, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆయన ధర్మపత్ని కేతలాదేవియు శరణియే. హరిహరకవి కన్నడమున ఆయన చరితమును రగళెగా రచించెను. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆయనను కీర్తించెను. గుండయ్య కుండలు చేయుచు, చేసిన కుండను వాయించుచు శివుని కొలుచుచుండగా, ఆ దరువునకు సాక్షాత్తు పరమశివుడే నాట్యమాడెనని కథ. ఇందులో ఒక సూక్ష్మమును గమనింపవలెను. బీటువారిన కుండ మ్రోగదు. శివుని ఆడించిన నాదము పలుకవలెనన్న, ఆ కుండ సారెమీది నుండి ఆవము వరకు ఏ చేతిలోను చెడక రావలెను. కనుక ఆయన భక్తి వాయించుటలో మాత్రమే లేదు. పచ్చికుండను పట్టిన తీరులోనే ఉన్నది.

కుమ్మరి సారెమీది కుండను దారముతో కోసి, తడిచేతులతో అడుగుభాగమున రెండు ప్రక్కల పట్టి ఎత్తును. అంచు పట్టి ఎత్తడు. అంచు పలుచనిది, ఎత్తిన బరువునకు సాగిపోవును. సగమారిన పిమ్మట లోపల రాతిగుండు నానించి, వెలుపల కొయ్యచెక్కతో కొట్టి గోడను పలుచన చేయును. లోపలి చేతి ఆధారము లేనిదే వెలుపలి చేయి దెబ్బ వేయదు. తరువాత కుండను నీడలో ఆరబెట్టును. ఎండలో పెట్టినచో పలుచని అంచు ముందుగా ఆరి ముడుచుకొనును, మందమైన అడుగు వెనుకబడును. ఆ పెనుగులాటలో కుండ వంకరపోవును, లేదా బీటువారును.

మట్టికి మరియొక గుణము కలదు. దానికి జ్ఞాపకమున్నదని పనివారు చెప్పుకొందురు. పచ్చిగా నున్నపుడు వంగిన వస్తువును వెంటనే సరిదిద్దినచో కంటికి చక్కగనే కనిపించును. కాని ఆరునపుడో కాలునపుడో ఆ పాత వంపు మరల తిరిగి వచ్చును. పైపైన నొక్కి సరిచేసిన దోషము లోపల అట్లే యుండునన్న మాట.

శరణులారా! మన యింటనున్న పచ్చిమట్టి యేదో ఇప్పుడు ఆలోచింపుడు. లేతమనసు గల బిడ్డ పచ్చిమట్టి. మఠమున చేరిన వటువు పచ్చిమట్టి. పుట్టిల్లు విడిచి వచ్చిన కోడలు, అప్పుడే ఓవెను దాటి ఇంకను చల్లారని వస్తువు.

పరీక్ష తప్పిన పిల్లవానిని ఆ తప్పిన చోటనే పట్టి నలుగురిలో ఎత్తి చూపు తండ్రి, కుండను అంచు పట్టి ఎత్తుచున్నాడు. ప్రక్కింటివాని మార్కులతో దినదినము పోల్చు తల్లి, నడిఎండలో ఆరబెట్టుచున్నది. ప్రేమచేతనే యైనను బిడ్డ ప్రతి పనిలోను వ్రేలు పెట్టి, ప్రతి నిమిషము దిద్దుచుండు ఇల్లు, చేతివేడికే ముద్దను కరగించుచున్నది. వీరెవ్వరును చెడు తలంపు గలవారు కారు. అయినను రూపము చెడుచున్నది. చెడు తలంపు లేకపోవుట వేరు, చేయి తేలికగా నుండుట వేరు.

అట్లయిన శిక్షణ వలదా? మందలింపరాదా? వలయును. కుమ్మరియు చెక్కతో కొట్టుచునే యున్నాడు గదా! దెబ్బ తగులనిదే గోడ గట్టిపడదు. అయితే దెబ్బ పడిన చోటనే, సరిగా దాని వెనుకనే, లోపలి చేయి ఉన్నదా యనునదే ప్రశ్న. మందలించిన నాటి రాత్రి ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నము తినిపించు చేయి ఉన్నచో, ఆ మందలింపు రూపమిచ్చును. లేనిచో సొట్ట మిగుల్చును.

ఇక ఇదివరకే వంకరపోయిన దాని సంగతి యేమి? ఇక్కడ మట్టి మనకు ఊరటనిచ్చుచున్నది. పచ్చిమట్టి పూర్తిగా ఆరినను, కాలనంతవరకు నీటిలో నానిపోయి మరల ముద్ద కాగలదు. సుమారు 600 డిగ్రీలు దాటి కాలిన తరువాతనే అది మట్టిగా మారనేరదు. కనుక కాలకముందు చెడిన కుండకు మార్గమున్నది. కాని ఆ మార్గము పైపైన నొక్కుట కాదు. పూర్తిగా నానబెట్టి, మొదటినుండి మర్దించుట. మనుష్యుల విషయమునను అంతే. నొచ్చిన మనసునకు కొత్తబట్టలు, మిఠాయిలు పైనొక్కుళ్లు మాత్రమే. పెద్దవాడైనను తన తప్పు ఒప్పుకొని, బిడ్డ చెప్పునది తుదివరకు వినుటయే నానబెట్టుట. అందుకు పెద్దరికము అడ్డు రారాదు. గురువైనను ముందు శిష్యుని ఓర్పుతో పరీక్షించి, పిమ్మటనే దీక్ష నిచ్చునని మన ధర్మము చెప్పుచున్నది. తొందరపడి కాల్చినది తిరిగి మట్టి కాదు.

కావున ప్రతి గృహస్థుడును ఉదయము లింగపూజ ముగించి లింగమును సజ్జలో ఉంచిన పిమ్మట, తన అరచేతిని ఒక్కమారు చూచుకొనవలెను. అంతవరకు లింగమును ఎంత మెత్తగా, ఎంత జాగ్రత్తగా పట్టెనో, ఆ దినమంతయు తన యింటివారిని అంతే జాగ్రత్తగా పట్టవలెను. లింగమును పట్టిన చేయి వేరు, బిడ్డను పట్టిన చేయి వేరు కాదు. రెండును ఒకే కరస్థలము.

మన యిండ్లలోని పచ్చికుండలన్నియు బీటువారక ఆవము దాటి, గుండయ్య కుండవలె శివనాదమును పలుకుగాక!