పిల్లల దృష్టిలో దాదా, దాదీ

"దాదీకి ఏమీ తెలియదు", "దాదా ఎప్పుడూ కసురుతూనే ఉంటారు", "ముసలివాళ్ళతో ఏం మాట్లాడతాం?" నేడు మన ముస్లిం ఇళ్ళలోని పిల్లల నోట కూడా ఇలాంటి మాటలు వినబడుతున్నాయి. బడిలోనో టీవీలోనో నేర్చుకున్నారని మనం సర్దిచెప్పుకుంటాం. నిజానికి చాలావరకు మన నోటి నుండే నేర్చుకున్నారు. అత్తగారు ఒకే విషయం రెండోసారి అడిగితే విసుక్కుంటాం. తండ్రి సలహా ఇవ్వబోతే "మీకు తెలియదులెండి" అంటాం. వృద్ధులైన తల్లిదండ్రుల ముందు 'ఉఫ్' అని కూడా అనవద్దని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లో (17:23) ఆజ్ఞాపించాడు. మనం ఆ ఆజ్ఞను ఎలా పాటిస్తున్నామో రోజూ చూస్తున్న సాక్షులు మన పిల్లలే.

దైవప్రవక్త (స) జీవిత చరిత్ర చెప్పేటప్పుడు హిజ్రత్ గురించి, బద్ర్, ఉహద్‌ల గురించి చెబుతాం. కాని ఆయన ఒక తాతగారు కూడా అని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఒకసారి ఆయన సామూహిక నమాజు చేయిస్తూ సజ్దాలో చాలాసేపు ఉండిపోయారు. వహీ అవతరిస్తోందేమోనని సహాబాలు అనుకున్నారు. నమాజు తర్వాత అడిగితే, మనవడు వీపు మీద ఎక్కాడనీ, వాడి సరదా తీరకముందే తొందరపెట్టడం ఇష్టం లేకపోయిందనీ చెప్పారు. మనవరాలు ఉమామా (రజి)ను ఎత్తుకొనే నమాజు చేశారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు.

ఆ తాతగారే మందలించారు కూడా. హజ్రత్ హసన్ (రజి) పసితనంలో సదఖా ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుంటే, వెంటనే దాన్ని ఉమ్మేయించారు. ప్రవక్త కుటుంబీకులకు సదఖా ధర్మసమ్మతం కాదు. ఈ రెండు సంఘటనలూ పిల్లలకు కలిపి చెప్పాలి. వీపు మీద ఎక్కించుకున్న మనిషే వద్దని కూడా అన్నారని తెలిస్తే, తమ దాదా కసురు వెనుక ఏముందో వాళ్ళకు కొంతైనా అర్థమవుతుంది.

హిజ్రీ 8 (క్రీ.శ. 630)లో మక్కా విజయం నాటి సంగతి చూడండి. హజ్రత్ అబూబకర్ (రజి) తన తండ్రి అబూ ఖుహాఫాను చేయి పట్టుకొని ప్రవక్త (స) సన్నిధికి తెచ్చారు. ఆయన తల పూర్తిగా నెరిసిపోయింది, చూపు పోయింది. అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు కూడా. అయినా ప్రవక్త (స), ఈ పెద్దాయనను ఇంట్లోనే ఉండనిస్తే తానే వచ్చేవాడిని కదా అన్నారు. తన ఎదుట కూర్చోబెట్టుకొని, ఛాతీపై చేయి నిమిరి ఇస్లాం వైపు పిలిచారు. నగరాన్ని జయించిన నాయకుడు ఒక అంధ వృద్ధుని ఇంటికి నడిచి వెళ్ళడానికి సిద్ధపడ్డారు! మన ఇళ్ళలో మాత్రం స్నేహితులు వస్తే దాదీని లోపలి గదిలోనే ఉండమనే పిల్లలున్నారు. అది విని నవ్వి ఊరుకునే తల్లిదండ్రులూ ఉన్నారు.

పెద్దవాళ్ళంతా శాంతమూర్తులని పిల్లలకు అబద్ధం చెప్పనక్కర్లేదు. కొందరికి కోపం ఎక్కువే. చెవులు వినబడకపోతే, మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా నిద్ర పట్టకపోతే ఎవరికైనా చిరాకు వస్తుంది. మనిషిని బలహీనంగా పుట్టించి, బలమిచ్చి, మళ్ళీ బలహీనతను, నెరిసిన తలను ఇచ్చేవాడు అల్లాహ్‌యేనని రూమ్ సూరా (30:54) తెలుపుతోంది. పదేళ్ళ పిల్లవాడికి ఈ మాట చక్కగా అర్థమవుతుంది.

ఇక 'ఏమీ తెలియదు' అన్న మాట. సెల్‌ఫోన్ నొక్కడం రాకపోవడమే అజ్ఞానమా? అక్షరం ముక్క రాకపోయినా, చెవితో విని నేర్చుకున్న సూరాలను ఈనాటికీ తప్పకుండా చదివే దాదీలు, నానీలు మన మధ్య ఎందరో ఉన్నారు. ఫోన్‌లో ఖుర్ఆన్ మొత్తం ఉన్న మనవడికి వాటిలో ఎన్ని వచ్చో అడిగి చూడండి.

పెద్దలను గౌరవించమని ఉపన్యాసమిస్తే పిల్లలు వినరు. వాళ్ళకు ఒక పని అప్పగించాలి. దాదాను ఫజ్ర్ నమాజుకు మస్జిదు దాకా చేయి పట్టుకొని తీసుకెళ్ళే బాధ్యత మనవడికి ఇవ్వండి. మైకులు, అలారాలు లేని రోజుల్లో సహరీకి ఎలా లేచేవారో, తొలి రోజా ఏ వయసులో ఉన్నారో నానీని అడిగి రమ్మని మనవరాలిని పంపండి. ఆమె చెబుతున్నంతసేపూ ఇంట్లో టీవీ కట్టేసి, మనమూ పక్కన కూర్చుందాం.