కాగితం మీద మనిషి

సబా అల్ సలేం, కువైట్
శుక్రవారం

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) రాతపరీక్ష గట్టెక్కావని మీ అమ్మ చెప్పిన రోజు మా గదిలో అందరికీ నేనే బిర్యానీ తెప్పించాను. మీ నాయన రాత్రి డ్యూటీ దిగి వచ్చి, చల్లారింది తిని, "ఇంటర్వ్యూ ఇంకా ఉందిలే" అని వెళ్లి పడుకున్నాడు. ఆయన సంతోషం ఎప్పుడూ అంతే, నీకు తెలియనిదా.

మొన్న నువ్వు అభ్యాసానికని నింపిన ఇంటర్వ్యూ ఫారం ఫొటో మీ అమ్మ పంపింది. తేదీలు, స్పెల్లింగులు సరిచూడమంది. అవన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క గడి దగ్గర మాత్రం నా చూపు ఆగింది. ఆ సంగతి కడకు చెప్తా. ముందు ఇంకో మాట.

చెరువు కింద మడి ఎందుకు అమ్మామో ఇంట్లో ఎవరూ నీకు సరిగా చెప్పి ఉండరు. ఆ మాటెత్తితే అవ్వ లేచి వంటింట్లోకి పోతుంది. పెళ్లి ఖర్చులకని నువ్వు విని ఉంటావు. అందులో సగమే నిజం.

నేను 1988లో ఇక్కడికి వచ్చాను, మీసాలు కూడా సరిగా రాని వయసు. అప్పట్లో పాస్‌పోర్టు మొదలు టికెట్టు దాకా అంతా ఏజెంటు చేతిలోనే. ఆయన నాకిచ్చిన పాస్‌పోర్టులో ఫొటో నాది, పేరు ఇంకెవరిదో, తండ్రి పేరు కూడా ఇంకెవరిదో. "దిగినాక ఎవరడుగుతారు రా" అన్నాడు. రాయచోటి వైపు నుంచి అలా వచ్చినవాణ్ని నేనొక్కణ్ణే కాదు. నిజంగానే ఇక్కడ ఎవరూ అడగలేదు. ఆ పేరుతోనే పిలిచారు, పలికాను. ఆ పేరుకే జీతమొచ్చింది, తీసుకున్నాను.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం లోపలికొచ్చింది. మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది. నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండిపోయింది. మేం బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాం. ఎడారిలో గుడారాలు, నీళ్ల ట్యాంకరు వస్తే ఒకటే తోపులాట. అక్కడ వరుస కట్టించింది ఎవరనుకున్నావు? ఇంగ్లీషు వచ్చిన ఇంజినీర్లున్నారు, దుకాణాల యజమానులున్నారు. వాళ్లెవరూ కాదు. ఇళ్లలో పనికొచ్చిన గోదావరి జిల్లా ఆవిడ ఒకామె. పిల్లలున్నవాళ్లను ముందు నిలబెట్టింది, జబ్బుపడ్డవాళ్ల గుడారాలకు నీళ్లు మోయడానికి మగపిల్లలను పంపింది, తన క్యాను చివర నింపుకుంది. నేనూ ఆమె చెప్తే మోసినవాణ్నే. నాయకత్వం అని మీ పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలియదు గానీ నేను చూసింది అది.

అమ్మాన్‌లో మన ఎంబసీవాళ్లు పేరడిగితే నా అసలు పేరే చెప్పాను. మీ తాత పేరు, ఊరు పేరు చెప్పి తాత్కాలిక కాగితం పుచ్చుకున్నాను. ఎయిరిండియా ఆ రెండు నెలల్లో దాదాపు 500 విమానాలు నడిపి లక్షకు పైగా మందిని చేరవేసింది. అందులో ఒకదాంట్లో బొంబాయిలో దిగాను.

తరవాత ఐక్యరాజ్యసమితి 1991లో పరిహార సంఘం పెట్టింది. ఇరాక్ చమురు డబ్బులోంచి, కువైట్ వదిలి రావాల్సివచ్చిన ఒంటరి మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఇచ్చారు. మన పక్క ఆ డబ్బుతో మిద్దెలు లేచాయి, బోర్లు పడ్డాయి. నా దరఖాస్తు నింపడానికి కూర్చున్నాయన రెండు పేర్లూ చూసి పెన్ను పక్కన పెట్టాడు. "కువైట్‌లో ఉన్నది ఒకడు, తిరిగొచ్చింది ఇంకొకడు. నువ్వు ఇద్దరిలో ఎవరబ్బాయ్?" అన్నాడు. దరఖాస్తు పెట్టకుండానే లేచి వచ్చాను. వీసా అప్పు వడ్డీతో సహా మెడమీద ఉంది. మడి పోయింది. రిజిస్ట్రేషన్ కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు మీ తాత నా వైపు చూడలేదు.

అబద్ధం రాసినవాడు ఆ సాయంత్రానికే మర్చిపోతాడమ్మా. ఎవరి పేరు మీద రాశాడో వాడు మోయాలి. నీకు జవాబులు రాసిపెడుతున్న ఏజెంటు ఎవరో నాకు తెలియదు. కోచింగ్ సారో, స్నేహితురాలో, ఫోన్లో కనపడే వీడియోనో.

ఇప్పుడు అన్నిటికీ వండిన జవాబులు దొరుకుతున్నాయి కదా. మా వీధి చివరి బిల్డింగులో హారిస్‌గా, అంటే కాపలాదారుగా, ఉన్న పెద్దాయన ఇండియన్ ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యాడు. మీ ఇంటర్వ్యూ పరీక్షల్లో ఏ బొమ్మ చూపించి కథ రాయమన్నా కుర్రాళ్లంతా ఒకటే రాస్తారట. హీరో ఊళ్లో రక్తదాన శిబిరం పెడతాడు, చెరువు బాగు చేయిస్తాడు, కలెక్టరు మెచ్చుకుంటాడు. చెప్పి పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మన ఊళ్లోనూ అదే వరస. కువైట్ డబ్బుతో మూడంతస్తుల మిద్దె కడతారు, పెళ్లి పత్రిక చేతికొస్తే "అబ్బాయికి అక్కడ బిజినెస్" అంటారు. డబ్బు కావాలి, ఆ డబ్బు తెచ్చిన పని పేరు మాత్రం వద్దు. నాలుగిళ్లలో ఒక ఇంటివాడు ఇక్కడ స్టీరింగో గరిటో పట్టినవాడే, అయినా ఒకరికొకరు దాచుకుంటారు. ఇదేం రోగమో!

సరే, ఇక పనికొచ్చే మాటలు. ఇవి నా తెలివి కాదు, సుబేదారుగారిని అడిగి రాసుకున్నవి.

బెంగళూరు ఇంటర్వ్యూలో నిన్ను చూసేది ముగ్గురు. సైకాలజిస్టు నీ రాతలోంచి మనసు చూస్తాడు, ఇంటర్వ్యూ ఆఫీసరు మాట చూస్తాడు, మైదానంలో గ్రూప్ టెస్టింగ్ ఆఫీసరు పని చూస్తాడు. ఎవరి లెక్క వాళ్లదే. ఐదో రోజు కాన్ఫరెన్సులో ముగ్గురూ ఒకచోట కూర్చుంటారు. మన పెద్దలు త్రికరణశుద్ధి అన్నదాన్ని అక్కడ ఐదు రోజులు పరీక్ష పెడతారన్నమాట. రాతపరీక్షకు 900 మార్కులైతే దీనికీ అంతే. 15 సెకన్లకొకటి చొప్పున 60 మాటలు తెర మీద పడుతుంటే, అరగంటలో 60 సందర్భాలకు జవాబులు రాయమంటే, అరువు తెచ్చుకున్న జవాబు ఎంతసేపు నిలుస్తుంది? అంత వేగం పెట్టిందే అందుకు.

మొదటి రోజు స్క్రీనింగులోనే చాలామందిని ఇంటికి పంపేస్తారు. మసక బొమ్మ 30 సెకన్లు చూపించి 4 నిమిషాల్లో కథ రాయమంటారు. నీకు కనపడిందే రాయి. తరవాత గుంపుగా మాట్లాడమన్నప్పుడు సంతలా ఉంటుంది, అరవకు. సందు దొరికినప్పుడు రెండు ముక్కలు స్పష్టంగా చెప్పు, మాట రాని పిల్ల ఉంటే ఆమెకు సందివ్వు. జోర్డాన్ సరిహద్దులో క్యాను చివర నింపుకున్న ఆవిణ్ని తలుచుకో.

రోజూ పొద్దున పరుగెత్తు. తాడు ఎక్కడం నేర్చుకో. ఏదైనా ఒక విషయం మీద మూడు నిమిషాలు నిలబడి మాట్లాడు, అవ్వ ముందు మాట్లాడినా సరే. పేపరు చదువు, వీడియోలు కట్టిపెట్టు. పళ్లు, కళ్లు, చెవులు ఇప్పుడే డాక్టరుకు చూపించుకో. మదనపల్లె మీదుగా బెంగళూరు బస్సు ముందు రోజే పట్టుకో. మొదటిసారి వెళ్లేవాళ్లకు దారి ఖర్చు ఇస్తారట, టికెట్టు పారేయకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక కవరులో, జిరాక్సులు ఇంకో కవరులో పెట్టుకో. రాకపోతే ఏడవకు, మళ్లీ రాయి. పందొమ్మిదిన్నరేళ్ల దాకా గడువుంది. సుప్రీంకోర్టు 2021లో ఎన్‌డీఏ తలుపు తీయించింది కాబట్టి ఆడపిల్లలు లోపలికి పోయారు, 2025 మేలో మొదటి 17 మంది బయటికొచ్చారు. అదేం పాత దారి కాదు, ఇంకా గడ్డి కూడా అణగలేదు.

ఇప్పుడు ఆ గడి. "తండ్రి వృత్తి" దగ్గర "బిజినెస్, కువైట్" అని రాశావు.

ఇంటర్వ్యూ ఆఫీసరు ముందు ఆ ఫారమే ఉంటుంది. ఏం వ్యాపారమమ్మా అంటాడు. చెప్తావు. బయటివాడు కువైట్‌లో కంపెనీ పెట్టాలంటే మామూలుగా 51 శాతం స్థానికుడి పేరు మీద ఉండాలి కదా, మీ భాగస్వామి ఎవరంటాడు. నెలకు ఆదాయమెంత, ఎంతమంది పనివాళ్లు, నువ్వెప్పుడైనా చూశావా అంటాడు. నాలుగో ప్రశ్నకు నీ గొంతు తడారుతుంది. ఆ మీదట నువ్వు చెప్పే నిజాలూ నమ్మడు.

2017 డిసెంబరులో డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ నుంచి బర్నాన యాదగిరి అనే హైదరాబాద్ కుర్రాడు వెండి పతకంతో ఆఫీసరయ్యాడు. ట్రిపుల్ ఐటీలో చదివి, అమెరికా కంపెనీ ఉద్యోగం వదులుకొని వెళ్లినవాడు. మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో రోజుకు వంద రూపాయల కూలి అని పత్రికలవాళ్ల ముందు తనే చెప్పాడు. ఎవరైనా చిన్నచూపు చూశారా?

ఆ గడి కొట్టేయి. "ఇంటి డ్రైవరు, సబా అల్ సలేం, కువైట్" అని రాసి ఫొటో నాకు పంపు. మీ అమ్మకు చెప్పొద్దు, మీ నాయనకు అసలే చెప్పొద్దు. ఆయన నీ ఫారం చూడలేదు.

ఇంకొకటి. మీ నాయన ఎన్నింటికి లేస్తాడో, జీతం ఎన్ని దినార్లో, బండిలో ఎవరెవరిని ఎక్కడ దింపుతాడో నీకు తెలుసా? ఆఫీసరు అడుగుతాడు, తెలియకపోతే అదీ తప్పే. శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడ రెండింటికి ఆయనకు ఖాళీ. అంటే మీకు నాలుగున్నర. ఫోన్ చేసి అన్నీ అడుగు, కాగితం మీద రాసుకో.

ఆశీస్సులతో,
మీ మామయ్య